దీపం చూపని తొట్టి

నమోదు 1

నీళ్ళ కచేరీ వారికి,

ఇంట్లో చేపల తొట్టికని నీళ్ళు తీసుకున్నవాళ్ళు ఆ నీళ్ళు ఏమవుతున్నాయో ఎప్పటికప్పుడు రాసి పంపాలన్నారు. రాస్తున్నాను. నా పేరు ఇందుమతి. సొరంగపేట మూడో వీధి దీపం మనిషిని. మీలో సగం మంది నా చేత చీవాట్లు తిన్నవాళ్ళే కాబట్టి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు.

భూమి నుంచి కొత్తగా దిగిన గుమాస్తా ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం ఒక మాట. సాయంత్రం గంట మోగగానే నేను ఊదారంగు దీపపు కడ్డీ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాను. బిందె కానీ, చెంబు కానీ, పిల్లల పాలసీసా కానీ, తడి నిలిచి ఉన్న ప్రతిదానిలో ఆ ఇంటివాళ్ళు తమ కడ్డీ ముంచి వెలిగించారా లేదా చూస్తాను. నీళ్ళలో రోగం పుట్టకుండా చేసే ఈ పనినే మేము దీపం చూపడం అంటాం. చూపకపోతే నేనే చూపిస్తాను. చూపించేటప్పుడు నా నోరు ఊరుకోదు.

అనుమతి కాగితంలో తొట్టి ఎందుకు అన్నచోట 'కాలక్షేపానికి' అని రాశాను. నాకు కాలక్షేపం అవసరం లేదు. మా ఆయన ఏడుకొండలు భూమి మీద పుట్టిన మనిషి. ఒప్పందం మీద శీతల యంత్రాల పనికి చందమామ మీదికి వచ్చాడు, నన్ను చేసుకున్నాడు. ఇప్పుడు ఒప్పందం అయిపోయింది. తిరుగు ఓడకు పేరు రాయించుకున్నాడు. నేను ఇక్కడే, ఈ నేల కిందే పుట్టిన పిల్లని. నా ఎముకలు భూమి బరువు మోయలేవని డాక్టర్లు చిన్నప్పుడే చెప్పేశారు. అంటే వెళితే ఆయన ఒక్కడే వెళతాడు, మళ్ళీ రాడు.

పేరు రాయించిన సంగతి ఆయనేమీ దాచలేదు. అన్నం తింటూ చెప్పాడు.

"ఇంకా తేల్చుకోలేదే ఇందూ. ఊరికే రాయించానంతే."

"ఇక్కడ మీకేం తక్కువైంది?"

"తక్కువేం లేదు. నువ్వున్నావు, పనుంది. కానీ ఈ ఊళ్ళో మనుషులు తప్ప ఇంకేదీ కదలదే. మా కాడ గుమ్మం దిగి కాలెడితే చాలు, ఏదో ఒకటి బుడుంగున గంతేసేది. ఒక్క చేప ఈదుతుంటే చూసి ఎన్నాళ్ళయిందో."

నేను మర్నాడే మీ కచేరీకి వచ్చి తొట్టి అడిగాను. ఓడ వచ్చేలోపు మా ఇంట్లో చేప ఈదాలి. తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు, సంగతి ఇది.

నమోదు 2

తొట్టి వచ్చింది. గాజు తొట్టి, గాలి బుడగల మోటారు, నీళ్ళు వేడిగా ఉంచే కడ్డీ, వడపోతకు ఒక స్పాంజి, రెండు నీటి మొక్కలు. వాటితో పాటు 'ఇంట్లో మొదటి చేపల తొట్టి – కొత్తవారికి' అని భూమి మీద అచ్చేసిన చిన్న పుస్తకం. చేపల కేంద్రం మేరీరత్నం గారు స్వయంగా తెచ్చి దింపారు. ఆవిడ కిందటి ఓడలోనే వచ్చారు, నిజాంపట్నం వైపు మనిషి. గడ్డకట్టించి తెచ్చిన గుడ్లను పొదిగించి ఇక్కడ చేపలు పెంచుతున్నది ఆవిడే. పగలూ రాత్రీ ఆ కేంద్రంలోనే ఉంటారు, ఊళ్ళోకి రావడం తక్కువ.

"అమ్మా, ఒక్క మాట ఇనుకో," అన్నారు. "తొట్టి పెట్టంగానే చేపల్ని దించబాక. ముందు నీళ్ళు ముదరాల."

"ముదరడమంటే?"

"చిటికెడు మేత అందులో ఏసి కుళ్ళనియ్యి. కుళ్ళితే ఘాటు పుడతది. ఆ ఘాటు చేపకి ఇసం. దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్ళలో, రాళ్ళ మీద, స్పాంజిలో మెల్లంగా పెరుగుతయి. అయి పెరిగినాక చేప ఎంత మురికి చేసినా అయ్యే తినేస్తయి. అప్పటిదాకా ఓపిక పట్టాల."

కుళ్ళనివ్వమన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంట్లో ఉల్లిపాయ తొక్క కూడా పూట దాటదు. అయినా చేపల కోసం కదా అని తల ఊపాను.

అడుగున పరవడానికి మన గులకరాళ్ళు పనికిరావు. ఇక్కడి రాయి గాజు పెంకులా కోస్తుంది, చేప పొట్ట గీరుకుపోతుంది. మరలో వేసి నున్నగా తిప్పించి తెచ్చాను. మా ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో రాయినీ తన మోచేతి మీద రాసి చూసి, గీసుకోని వాటినే తొట్టిలో వేశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన ఇంత శ్రద్ధగా కూర్చోవడం నేను చూడలేదు.

"కొల్లేటి ఒడ్డున పుట్టారు కదా, చేపల గురించి మీకే తెలియాలి," అన్నాను.

"నన్నడగమాకే. మా నాయన ఐసు ఫ్యాక్టరీలో చేసేవోడు. చేప పులుసులో పడ్డాకే నాకు పరిచయం."

నీళ్ళు పోశాం. ఐదు బిందెలు పట్టాయి. ఇక్కడ నీళ్ళు బద్ధకంగా పడతాయి కదా, చివరి బిందె అడుగు చేరేసరికి ఆయన రెండు పాటలు పాడేశాడు.

నమోదు 3

నీళ్ళు ముదరడం లేదు.

పుస్తకంలో చెప్పినట్టు మేత చిటికెడు వేశాను. రోజూ పరీక్ష కాగితం ముంచి చూస్తున్నాను. ఘాటుంటే కాగితం ముదురాకుపచ్చ, పోతే పసుపు. మాది మొదటి వారం ఆకుపచ్చ, రెండో వారం ఆకుపచ్చ, మూడో వారమూ అదే. 'ఈపాటికి రంగు దిగుతుంది' అని పుస్తకంలో ఉంది. దిగలేదు.

నా వైపు నుంచి లోపం ఏమీ లేదు. సాయంత్రం గంట కొట్టగానే అన్ని గిన్నెలతో పాటు తొట్టికీ దీపం చూపిస్తున్నాను. పెద్ద గిన్నె కాబట్టి కడ్డీ రెండింతలు సేపు ఉంచుతున్నాను. స్పాంజి వేలికి జారుడుగా తగిలితే కుళాయి కింద పెట్టి తోమి, పిండి, మళ్ళీ పెడుతున్నాను. రాళ్ళ మీద పేరుకున్న నాచు లాంటిదాన్ని బ్రష్షుతో తీసేశాను. పక్కింటి లక్ష్మీకాంతం వదిన వచ్చి చూసి, "నీ తొట్టి చూస్తే నా వంటగది చూసుకోవాలంటే సిగ్గేస్తోంది వదినా," అంది. ఆ మాటకు నాకు కడుపు నిండిపోయింది.

మా ఆయనది సాయంత్రం షిఫ్టు. దీపం వేళకు ఇంట్లో ఉండడు. వచ్చేసరికి నేను అన్నీ ముగించి తొట్టి ముందు కూర్చుని ఉంటాను. ఇద్దరం కలిసి ఖాళీ నీళ్ళకేసి చూస్తాం. బుడగలు ఒక్కొక్కటీ తీరిగ్గా పైకి వస్తుంటాయి.

"బాగుందే," అంటాడు. చేపలు లేని తొట్టిని బాగుందనే మనిషి మనసులో ఏముందో నాకు తెలుసు. నా మనసు నొచ్చుకోకూడదని.

నమోదు 4

చేపలు వచ్చాయి.

ఎలా వచ్చాయో కూడా రాయాలి. ఓడ దగ్గర పడుతోంది. నేను నా వంతు నీళ్ళు మొత్తం ఒకేసారి తీసుకుని, తొట్టిలోవి దాదాపు అన్నీ తోడేసి కొత్తవి పోశాను. కాగితం ముంచితే పసుపు వచ్చింది. పసుపంటే పసుపే కదా అనుకుని ఆ కాగితం పట్టుకుని చేపల కేంద్రానికి వెళ్ళాను. మేరీరత్నం గారు దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పారు.

"మధ్యలో ఇంకో రంగు వచ్చి పోవాల్నే. వచ్చిందా?"

"వచ్చే ఉంటుందండీ, నేను చూడనప్పుడు," అన్నాను.

ఐదు పరిగె చేపలు ఇచ్చారు. చిటికెనవేలంత, వెండి ఒళ్ళు, తోక దగ్గర ఒక నల్లచుక్క. సంచిలో పెట్టి ఇస్తే, సంచితో సహా తొట్టి నీళ్ళలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక మెల్లగా వదిలాం. వదిలింది మా ఆయనే. అవి బయటికి వచ్చి కాసేపు అలాగే నిలబడి, ఒకదాని వెనక ఒకటి మొక్కల్లోకి దూరాయి.

ఆయన తొట్టి ముందే చతికిలబడ్డాడు. ఆ రోజు షిఫ్టుకు ఆలస్యంగా వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆలస్యంగా వెళ్ళడం అదే మొదటిసారి. మర్నాడు ఒకదానికి పేరు కూడా పెట్టాడు. అది పొట్టేసుకుని మేత దగ్గర అందరికంటే ముందుంటుంది, పని దగ్గర కనపడదు. 'కాంట్రాక్టరు' అట.

"మిగిలినవాటికి?"

"అయ్యి కూలీలే. పేర్లెందుకు, ఎటూ హాజరు పడదు," అని నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది. నాకు ఎంత సంతోషమేసిందో కచేరీ వారికి ఎందుకు గానీ, రాసుకుంటే తప్పులేదు.

దీపం చూపేటప్పుడు చేపల కళ్ళకు హాని అని, ముందు వాటిని వలతో పట్టి చెంబులోకి తీసి, కడ్డీ ముంచి వెలిగించి ఆర్పాక మళ్ళీ వదులుతున్నాను. పని కాస్త ఎక్కువే. ఏం చేస్తాం, ప్రేమ ఉన్నచోట చాకిరీ ఉంటుంది.

నమోదు 5

రెండు చచ్చిపోయాయి.

ముందు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం ఎగబడ్డాయి. మోటారు పెంచాను. మర్నాటికి ఒకటి అడుగున పక్కకు ఒరిగి ఉంది. దాని తర్వాత ఇంకొకటి. కాగితం ముంచితే ముదురాకుపచ్చ. నేను ఇంకా గట్టిగా శుభ్రం చేశాను. స్పాంజి రెండు పూటలా తోమాను.

మా ఆయన రెండో చేపను దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఎరువు గదికి తనే తీసుకెళ్ళి వేసి వచ్చాడు. వచ్చి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"దీనికీ ఇక్కడి గాలి పడలేదే ఇందూ."

నేను తువ్వాలు అందించాను.

తర్వాత పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. మేత ఎక్కువ వేయవద్దు అంది, వేయలేదు. చేపలు ఎక్కువ పెట్టవద్దు అంది, పెట్టలేదు. కుళాయి నీళ్ళ మందు వాసన పోయాకే పోయాలి అంది, అలాగే పోశాను. తొట్టికి దీపం చూపమని మాత్రం పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఉండదు కూడా, భూమి మీద దీపం చూపే ఆచారమే లేదు. చెప్పకపోయినా నేను చూపిస్తూనే ఉన్నాను. ఊపిరి పీల్చుకోమని ఒకరు చెప్పాలా?

నమోదు 6

ఇది కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ఆయన షిఫ్టుకు వెళ్ళాక ఆయన పెట్టె తెరిచాను. ఎందుకంటే, బట్టలు సర్దుకున్నాడేమో చూద్దామని. అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది, చూడటానికి అడ్డు రాలేదు. బట్టలు మామూలుగానే ఉన్నాయి. వాటి కింద, పాత స్వెట్టర్లో చుట్టి, మూత పెట్టిన గిన్నె ఒకటి వెచ్చగా తగిలింది. తీసి చూస్తే పెరుగు. కత్తితో కోస్తే ముక్కలయ్యేంత గట్టి పెరుగు.

నాకు మొదట వచ్చింది కోపమే. దీపం చూపని తడి గిన్నె, అదీ దీపం మనిషి ఇంట్లో, అదీ బట్టల పెట్టెలో. దీపం కిందే చీకటి అని ఎవరన్నారో గానీ మా ఇల్లు చూసే అని ఉండాలి. ఆ గిన్నెలో కడ్డీ ముంచడానికి లేచాను కూడా. లేచి, ఎందుకో ముందు వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

అది నేను మూడేళ్ళుగా రోజూ తింటున్న పెరుగే. పాలకేంద్రం వాళ్ళు సీసాల్లో పంపే చప్పటి పెరుగు కొన్నేళ్ళుగా బాగా కుదురుతోందని వీధంతా చెప్పి తిరిగాను నేను. అది పాలకేంద్రం పెరుగు కాదు, మా ఆయన పెరుగు. సీసాలో పోసి పెట్టేవాడన్నమాట.

ఆయన వచ్చేదాకా గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దొరికిపోయానన్నమాట," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళయిన రెండో నెల నుంచి. ఆ సీసా పెరుగు నాకు దిగదే. ఎండుమిరపకాయ తొడిమలేసి తోడెట్టాను. మొదట్లో బయటే పెట్టేవోణ్ణి. రోజూ పాలు పాలుగానే ఉండేయి. నువ్వు కడ్డీ ముంచుతున్నావని అప్పుడు తెలిసింది. దీపం పడితే పెరుగు తోడుకోదే, అందులో బతికున్నది చచ్చిపోద్ది. నీతో చెబితే నొచ్చుకుంటావు. అందుకని షిఫ్టుకెళ్ళే ముందు పెట్టెలో దాచేవోణ్ణి."

నేను విన్నాను. వింటూ తొట్టి వైపు చూశాను. మిగిలిన మూడు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఘాటును తినే సూక్ష్మజీవులు స్పాంజిలో మెల్లగా పెరుగుతాయన్న మేరీరత్నం గారి మాట చెవిలో పడింది. అవి పెరగడానికి నేను ఏ సాయంత్రం వదిలాను గనక?

"నేను తొట్టిలో కూడా ముంచుతున్నానండీ," అన్నాను.

"దేన్ని?"

"కడ్డీని. రోజూ. చేపల్ని చెంబులోకి తీసి మరీ."

ఆయన తొట్టి వైపు చూశాడు, నా వైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టాడు. గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రెండు చేపలకూ గాలి పడక కాదు, నేను పడక పోయాయి.

కచేరీ వారు ఒకటి అర్థం చేసుకోవాలి. నేను దీపాన్ని తేలిగ్గా తీసుకునే మనిషిని కాదు. నీళ్ళ జ్వరం వచ్చిన ఏడు మా నాన్న పోయాడు. నాకు ఆయన ముఖం సరిగా గుర్తులేదు, మంచం పక్కన మూత లేని బిందె మాత్రం గుర్తుంది. ఊళ్ళో ఇల్లిల్లూ కడ్డీ పెట్టింది ఆ తర్వాతే. ఆ సాయంత్రం గంట మోగినప్పుడల్లా నేను ముంచేది ఆ బిందెలోనే. ఆ చెయ్యి ఆగాలంటే మాటలు కాదు.

నమోదు 7

పొద్దున్నే చేపల కేంద్రానికి వెళ్ళి జరిగింది చెప్పాను. మేరీరత్నం గారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

"ఓయమ్మో, చేపల తొట్టిలో కూడా ముంచుతారని నాకు కలలో కూడా తట్టలేదే. ఇక్కడ మేము తాగే నీళ్ళకి తప్ప చూపము."

"నేను కూడా చెప్పలేదు కదండీ. ఇప్పుడేం చేయాలి? ఓడ వచ్చే లోపు ముదురుతాయా?"

"కొత్తగా అయితే ముదరవు. ముదిరిన తొట్టిలోంచి స్పాంజి తీసకపో. పాలల్లో పెరుగు చుక్కేసినట్టే."

వాళ్ళ పెద్ద తొట్టి వెనక నుంచి ఒక స్పాంజి తీశారు. నల్లగా, జిగటగా ఉంది. అలాంటిది ఎవరి ఇంట్లోనైనా కనపడితే నేను ఆ వీధి మొత్తం వినపడేలా మాట్లాడి ఉండేదాన్ని. టిఫిన్ క్యారియరు కింది గిన్నెలో, వాళ్ళ తొట్టి నీళ్ళే కొంచెం పోసి, స్పాంజి పెట్టి మూత వేశాను.

"ఎండనీయబాక. కుళాయి నీళ్ళు తగలనీయబాక. కడగాలంటే తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి ఊరుకో. తోమబాక," అని మూడుసార్లు చెప్పారు.

మూడో వీధి గేటు దగ్గర తడి తనిఖీ చేసే కుర్రాడు నాగూర్ ఉన్నాడు. వాడికి కడ్డీ పట్టడం నేర్పింది నేనే. క్యారియరు చూసి, "తడి ఏమైనా ఉందా అక్కా?" అన్నాడు, కడ్డీ తీస్తూ.

"ఉంది. ముంచకు."

"అదేంటక్కా. ఎవరు చెప్పినా వినకుండా ముంచాలని మీరే చెప్పారు."

"అవును, నేనే చెప్పాను."

మూత తీసి చూపించాను. వాడి ముఖం ముడుచుకుపోయింది. ఇందులో బతికి ఉన్నది చస్తే మా ఇంట్లో చేపలు చస్తాయని, చేపలు చస్తే మా ఆయన వెళ్ళిపోతాడని ఉన్నదున్నట్టు చెప్పాను. రోడ్డు మీద అంత సొంత గొడవ చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. నాగూర్ పక్కనున్న ఎర్రజెండా గుడ్డ చివర చించి క్యారియరు పిడికి కట్టాడు.

"ఇది తాగేది కాదని అందరికీ తెలియాలి కదక్కా," అన్నాడు. "కానీ రాయాల్సి ఉంటది."

"నేనే రాస్తాను," అన్నాను. రాశాను. ఇదే.

నమోదు 8

ఆ సాయంత్రం గంట మోగింది. బిందెకు చూపించాను, చెంబుకు చూపించాను, తొట్టి దగ్గరికి వచ్చి కడ్డీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి దానంతటదే లేచింది. ఆ కడ్డీని తీసుకెళ్ళి వదిన చేతిలో పెట్టి, "రేపటిదాకా ఇవ్వకు," అని వచ్చేశాను. రాత్రంతా నీళ్ళ జ్వరం వచ్చినట్టు కలలే.

వారం గడిచింది. జ్వరం రాలేదు. కాగితం ముదురాకుపచ్చ నుంచి లేతాకుపచ్చకు దిగింది. మేరీరత్నం గారు చెప్పిన మధ్య రంగు, గులాబీ, వచ్చి పోయింది. తర్వాత పసుపు. ఈసారిది నేను నీళ్ళు మార్చి తెప్పించిన పసుపు కాదు. కాంట్రాక్టరూ ఇద్దరు కూలీలూ కిందికి దిగి రాళ్ళ మధ్య వెతుక్కుంటున్నారు.

మీ కచేరీ నుంచి ఇద్దరు పెద్దలు వచ్చి చూశారు. తొట్టికి మూత ఉండాలి, ఆ గదిలో తాగే నీళ్ళు పెట్టకూడదు, దీపం చూపని గిన్నె అని తెలిసేలా ఎర్ర గుడ్డ కట్టాలి అని చెప్పి, నన్ను పనిలోంచి తీసేయకుండా వెళ్ళారు. ధన్యవాదాలు. తీసేసినా నేను ఎర్ర గుడ్డ కట్టేదాన్నే.

ఒక సంగతి ప్రత్యేకంగా రాయాలి. నిన్న మా ఆయన మేత వేయడానికి మూత తీశాడు. తీసి ఆగిపోయాడు. ముఖం తొట్టి మీదికి వంచి కళ్ళు మూసుకున్నాడు.

"ఏమైందండీ?"

"వాసనే. మా కాడ తెల్లారగట్ట గట్టు మీద నిలబడితే ఇదే వాసన."

నేనూ వంగి చూశాను. నాకైతే నెల రోజులు మార్చని వడపోత గుడ్డ వాసన వచ్చింది. ఆ మాట అనలేదు. ఆయన చాలాసేపు అలాగే ఉన్నాడు. ఓడ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నమోదు 9

ఈరోజు ఓడ వెళ్ళే రోజు.

పొద్దున కాఫీ ఇస్తూ ఒక్క మాట చెప్పేశాను. "వెళ్ళాలనుంటే వెళ్ళండి. మిమ్మల్ని ఆపడానికే తొట్టి తెచ్చాను, ఒప్పుకుంటున్నాను. కానీ చేపల్ని చూపించి మనిషిని కట్టేయడం బాగుండదు. అవి ఎలాగూ బతుకుతాయి. నేను చూసుకుంటాను."

ఆయన కాఫీ తాగాడు. "సరే," అన్నాడు. గ్లాసు పెట్టి బయటికి వెళ్ళాడు. ఆ సరే ఏ సరేనో నాకు తెలియలేదు.

సాయంత్రం గంట మోగితే కడ్డీ తీసుకుని వీధిలోకి వెళ్ళాను. రేవు వైపు జనం వెళుతున్నారు. పెట్టెలు, దండలు, చేతులూపడాలు. నేను ఆ వైపు చూడకుండా ఇళ్ళు తిరిగాను. ఎవరినీ ఏమీ అనలేదు. ఒక ఇంట్లో బిందెకు దీపం చూపించకపోతే చప్పుడు చేయకుండా నేనే చూపించి వచ్చాను. ఆ ఇంటావిడ భయపడి నాకు ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఇంటికి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆయన చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. పక్కన బకెట్లో తొట్టిలోంచి తోడిన నీళ్ళు. అందులో స్పాంజిని రెండుసార్లు పిండి, నీళ్ళు కారుతుండగానే మళ్ళీ దాని చోట పెడుతున్నాడు.

అంతలో కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. తొట్టిలో నీళ్ళ మీద చిన్న చిన్న వలయాలు లేచి, మెల్లగా అంచులు తాకి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. చేపలు మూడూ గబుక్కున మొక్కల్లో దూరాయి. కాసేపటికి నీళ్ళు నిలిచాయి. కాంట్రాక్టరు ముందు బయటికి వచ్చాడు.

"ఎల్లిపోయింది," అన్నాడు మా ఆయన.

"మరి మీరు?"

"నేనెక్కడికెల్తానే? నేనటు ఎల్లగానే నువ్వీ స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా తోమేత్తావు. పొద్దున్నే ఎల్లి పేరు కొట్టేయించుకొచ్చాను. అక్కడి నుంచి పనిలోకెళ్ళి సెలవెట్టి వచ్చాను."

"ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చు కదా. వీధంతా తిరిగాను నేను, ప్రాణం లేకుండా."

"కొట్టేయించుకుంటే గానీ నాకే తెలియలేదే," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. కచేరీ వారు దాన్ని నీటి నష్టం కింద రాసుకున్నా అభ్యంతరం లేదు.

తర్వాత ఆయన పెట్టె తెరిచి, స్వెట్టర్లో చుట్టిన గిన్నె తీశాను. తొట్టికి కట్టగా మిగిలిన ఎర్ర గుడ్డ నుంచి ఒక పేలిక చించి గిన్నె అంచు చుట్టూ కట్టి, తొట్టి పక్కన, అందరికీ కనపడేలా పెట్టాను. వేడి కడ్డీ పక్కనే కదా, అక్కడ త్వరగా తోడుకుంటుంది.

ఇకనుంచి మా ఇంట్లో దీపం చూపని గిన్నెలు రెండు. నమోదు చేసుకోగలరు.